ఏ బూజో తెలీకుండా ఏ మందు ఇస్తాం?

2021 మే నెల. మధ్యాహ్నం మూడు దాటింది. ఒకాయన చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని మా మైక్రోబయాలజీ ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. వాళ్ళ నాన్నకి ముక్కులో ఆపరేషన్ చేసి తీసిన ముక్క అది, పొద్దున్నుంచి ఆ డబ్బాతో పాటు ఆయన్ని కూడా ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పి చివరికి మా దగ్గరికి పంపించారు. మూత పూర్తిగా తియ్యకముందే ఘాటు వాసన కళ్ళకి కొట్టింది. ఫార్మలిన్, కండ చెడిపోకుండా నిలవ ఉంచే ద్రావణం.

"అన్నా, దీన్ని ఫార్మలిన్‌లో వేసేశారు, ఇందులో ఫంగస్ చచ్చిపోయుంటుంది, కల్చర్ చెయ్యలేం" అన్నాను. ఆయన నా మొహం చూసి "చచ్చిపోతే మంచిదే కదా మేడం, దాన్ని చంపడానికే కదా ఇదంతా" అన్నాడు.

ఆ ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది, ఎందుకంటే ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు, మేమే ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఒంట్లో ఉన్న బూజుని చంపాలంటే ముందు దాన్ని బయట, మా ప్లేటు మీద, బతికించి పెంచాలి. బతికితేనే అది ఏ జాతో తెలుస్తుంది, జాతి తెలిస్తేనే ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది. అందుకే ముక్క తీసినప్పుడు రెండు డబ్బాలు కావాలి. ఫార్మలిన్ డబ్బా పాథాలజీకి, ఉత్త సెలైన్ వేసిన స్టెరైల్ డబ్బా మాకు. ఆ రెండోది ఫ్రిజ్‌లో పెట్టకుండా గంట రెండు గంటల్లో మా దగ్గరికి రావాలి. ఇంత చిన్న విషయం, ఆపరేషన్ థియేటర్ హడావుడిలో ఎన్నిసార్లు తప్పిపోయిందో లెక్కపెట్టడం మానేశాను.

ఆ రోజుల్లో అందరి నోట్లో ఒకటే పేరు, బ్లాక్ ఫంగస్. తెలంగాణలో దాన్ని నోటిఫై చెయ్యాల్సిన జబ్బుగా ప్రకటించారు, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ సెంటర్ చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీలో చేర్చారు. జూన్ చివరికి దేశం మొత్తం మీద 40 వేల కేసులు దాటాయి, 3 వేల మందికి పైగా పోయారు. టీవీలో బ్లాక్ తర్వాత వైట్ ఫంగస్ వచ్చింది, ఆ తర్వాత ఎల్లో ఫంగస్. రంగుల్ని బట్టి పిలిస్తే గందరగోళమే అని అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా కూడా చెప్పారు కానీ పేరు అప్పటికే జనంలోకి వెళ్ళిపోయింది. అసలు సంగతేంటంటే ఆ బ్లాక్ ఫంగస్ నల్లగా ఉండదు. దాని అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్, దాన్ని తెచ్చే బూజులు మ్యూకరేల్స్ అనే వర్గానివి, మన దగ్గర ఎక్కువగా దొరికేది రైజోపస్ అర్రైజస్, ప్లేటు మీద చూస్తే ముందు తెల్లటి దూదిలా, తర్వాత బూడిద రంగులో ఉంటుంది. నలుపు ఎక్కడిదంటే, ఆ బూజు రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుపోయి లోపల రక్తం గడ్డకట్టేలా చేస్తుంది, రక్తం అందని కండ, ఎముక చచ్చి నల్లబడతాయి. అంటే మనం చూసే నలుపు బూజుది కాదు, చచ్చిపోయిన మన శరీరానిది.

నిజంగా నల్లటి బూజులు వేరే ఉన్నాయి. వాటి గోడల్లో మెలనిన్ ఉంటుంది, మన జుట్టుకి రంగునిచ్చే పదార్థం లాంటిదే. 2012లో అమెరికాలో ఒక ఫార్మసీలో కలుషితమైన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వెన్నులోనూ కీళ్ళలోనూ వేయించుకున్న 753 మంది జబ్బు పడి 64 మంది చనిపోయారు, మొదటి పేషెంట్‌లో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు దొరికింది, తర్వాత మిగతావాళ్ళ శాంపిల్స్ చూస్తుంటే ఎక్కువమందిలో ఉన్నది ఎక్సెరోహైలమ్ రోస్ట్రేటమ్ అని తేలింది. గడ్డి మొక్కల మీద బతికే నల్ల బూజు అది, మనిషి మెదడు పొరల్లోకి వస్తుందని ఎవరూ ఊహించలేదు. మొదటి పేషెంట్ రిపోర్టు చూసి అందరిదీ అదే అనుకుని ఆగిపోయుంటే ఎలా ఉండేదో ఆలోచించండి.

పేరు ఎందుకంత ముఖ్యమో మందుల వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. బూజుల మీద వాడే మందులు చాలా తక్కువ, బాక్టీరియాకి ఉన్నన్ని యాంటీబయాటిక్స్‌తో పోలిస్తే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కారణం కూడా ఉంది, బూజు కణం బాక్టీరియా కంటే మన కణానికే దగ్గరి చుట్టం, దాన్ని కొడితే మనకీ తగులుతుంది. తేడా ఉన్న చోటు చూసి కొట్టాలి. మన కణాల పొరలో కొలెస్ట్రాల్ ఉంటే వాటి పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఆంఫోటెరిసిన్ వెళ్ళి ఆ ఎర్గోస్టెరాల్‌ని పట్టుకుంటుంది, వొరికొనజోల్, పోసకొనజోల్, ఐసవుకొనజోల్ లాంటి ఏజోల్స్ ఆ ఎర్గోస్టెరాల్ తయారీనే ఆపుతాయి, ఎకినోక్యాండిన్స్ అనేవి బయట గోడలో ఉండే గ్లూకాన్‌ని కట్టనివ్వవు.

ఇక ఇక్కడే చిక్కు. ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ చేరితే వొరికొనజోల్ మొదటి వరసలో ఉండే మందు, 2002లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో వొరికొనజోల్ తీసుకున్నవాళ్ళలో 12 వారాల తర్వాత దాదాపు 71 శాతం బతికున్నారు, పాత ఆంఫోటెరిసిన్ తీసుకున్నవాళ్ళలో 58 శాతం. అదే వొరికొనజోల్ మ్యూకర్ మీద, అంటే మ్యూకరేల్స్ మొత్తం మీద, అసలు పనిచెయ్యదు, రోజుల తరబడి ఇచ్చినా నీళ్ళు ఇచ్చినట్టే, ఎందుకంటే ఆ మందు వెళ్ళి తగులుకోవాల్సిన ఎంజైమ్ మ్యూకరేల్స్‌లో పుట్టుకతోనే వేరేగా ఉంటుంది. బ్లడ్ క్యాన్సర్ పేషెంట్లకి ఆస్పర్జిల్లస్ రాకుండా వొరికొనజోల్ ఇస్తుంటే దాని మధ్యలోంచి మ్యూకర్ పైకి లేచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మ్యూకర్‌కి మొదటి వరసలో ఉండే మందు ఆంఫోటెరిసిన్. మరి అందరికీ ఆంఫోటెరిసినే ఇచ్చేస్తే సరిపోతుంది కదా అంటారా, ఆస్పర్జిల్లస్‌లోనే టెర్రియస్ అని ఒక జాతి ఉంది, దానికి ఆంఫోటెరిసిన్ పుట్టుకతోనే పడదు. ఇంటిపేరు ఒకటే, మందు మాత్రం వేరు. లొమెంటోస్పోరా ప్రొలిఫికన్స్ అని ఇంకోటుంది, అది దాదాపు ఉన్న మందులన్నిటినీ తట్టుకుంటుంది, అదృష్టం కొద్దీ మన దగ్గర అరుదు.

ఆంఫోటెరిసిన్ తేలిక మందేం కాదు. కిడ్నీల మీద పడుతుంది, పొటాషియం పడిపోతుంది, మందుని సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టిన లైపోసోమల్ రకం కాస్త నయం కానీ ఖరీదు. కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు అనుకుంటే 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, 50 మిల్లీగ్రాముల వయల్స్ అయితే రోజుకి ఆరు, అలా వారాల తరబడి. 2021లో ఆ వయల్స్ కోసం కొడుకులూ అల్లుళ్ళూ ఊళ్ళకి ఊళ్ళు తిరిగారు, వాట్సాప్ గ్రూపులన్నీ అవే మెసేజ్‌లు. ఇంత కష్టపడి తెచ్చిన మందు సరైన బూజు మీద వాడుతున్నామా లేదా అన్నది చెప్పాల్సింది ల్యాబ్, ఆ ల్యాబ్‌కి వచ్చింది ఫార్మలిన్ డబ్బా.

సరే, సెలైన్‌లో మంచి ముక్క వచ్చిందనుకుందాం, ఏం చేస్తామో చెప్తాను.

మొదటి అరగంటలో తేలేది చాలా ఉంది. ముక్కలోంచి చిన్న తునక తీసి స్లైడ్ మీద పెట్టి కేఓహెచ్ అనే క్షారం చుక్క వేస్తాం, కండ కరిగిపోతుంది, బూజు దారాలు మిగులుతాయి. కాల్కోఫ్లోర్ అనే మెరిసే రంగు కలిపి ఫ్లోరోసెంట్ మైక్రోస్కోప్ కింద పెడితే ఆ దారాలు చీకట్లో నీలంగా వెలుగుతాయి. సన్నగా, 3 నుంచి 6 మైక్రాన్ల మందంతో (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు), వెదురు బొంగుకి కణుపులున్నట్టు మధ్యమధ్యలో అడ్డుగోడలతో, చెట్టుకొమ్మ చీలినట్టు వాలుగా చీలితే ఆస్పర్జిల్లస్ లాంటిది. వెడల్పుగా, ఒక్కోసారి 20 మైక్రాన్ల దాకా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, నలిగిన రిబ్బన్ ముక్కలా మడతలు పడి, కొమ్మ అడ్డంగా లంబకోణంలో వస్తే మ్యూకర్ గుంపు. ఈ ఒక్క తేడా చూసి అప్పటికప్పుడు వార్డుకి ఫోన్ చేస్తాం, వొరికొనజోల్ మీద ఉంటే మార్చండి అని. కల్చర్ రావడానికి రోజులు పడుతుంది, ఈ ఫోన్‌కి మాత్రం అరగంట చాలు. నా ఉద్దేశంలో మొత్తం పరీక్షల్లో పేషెంట్‌కి ఎక్కువ మేలు చేసేది ఈ చవకైన స్లైడే.

కానీ దాని హద్దు కూడా చెప్పాలి. "ఆస్పర్జిల్లస్ లాంటిది" అన్నాను చూడండి, ఆ "లాంటిది" అన్న మాట కావాలనే అన్నాను. ఫ్యూసేరియమ్, సీడోస్పోరియమ్ అనే వేరే బూజులు కూడా కండలో చూస్తే అచ్చం అలాగే, కణుపులతో సన్నగా కనిపిస్తాయి. అందుకే బయాప్సీ రిపోర్టులో "కణుపులున్న ఫంగస్" అని రాస్తే అంతవరకే నమ్మాలి, దాన్ని చదివేవాళ్ళు మనసులో ఆస్పర్జిల్లస్ అని పూరించుకోకూడదు.

తర్వాత కల్చర్. ఇక్కడ మళ్ళీ ఒక మెలిక. బాక్టీరియా కోసమైతే ముక్కని బాగా నూరి ప్లేటు మీద రాస్తారు, మ్యూకర్ అనుమానం ఉంటే అస్సలు నూరకూడదు. దాని దారాల్లో అడ్డుగోడలు లేవు కదా, ఒక చోట తెగితే లోపలి సరుకంతా కారిపోయి దారం మొత్తం చచ్చిపోతుంది. బ్లేడుతో చిన్నచిన్న ముక్కలుగా కోసి అగార్‌లోకి, అంటే ప్లేటులో ఉండే జెల్లీలాంటి ఆహారంలోకి, కొద్దిగా గుచ్చి పెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చూపించేది ఇదే, ఎందుకంటే స్లైడ్‌లో దారాలు కళ్ళారా కనిపించి కల్చర్‌లో ఏమీ పెరగని కేసులు మ్యూకర్‌లో చాలా ఎక్కువ, అందులో కొన్నిటికి కారణం మన చేతులే.

పెరిగితే మాత్రం ఆగదు. రైజోపస్‌ని సాయంత్రం ప్లేటులో పెడితే మర్నాటికే తెల్లటి బొచ్చు కనిపిస్తుంది, రెండో మూడో రోజుకి పీచుమిఠాయిలా పైకి లేచి మూతకి తగులుతుంది, మూత అంచుల్లోంచి బయటికి కూడా వచ్చేస్తుంది, అందుకే ప్లేటు చుట్టూ టేపు వేస్తాం. దాని మీద పారదర్శకమైన సెల్లోటేపు ముక్కని మెల్లగా అద్ది, నీలిరంగు చుక్క వేసిన స్లైడ్ మీద అతికించి చూస్తే అప్పుడు కనిపిస్తుంది దాని సంసారం అంతా. కాడ చివర గుండ్రటి సంచి, సంచి నిండా బీజాలు, కాడ మొదట్లో సరిగ్గా దాని కిందే వేళ్ళలాంటివి. వేళ్ళు కాడ కిందే ఉంటే రైజోపస్, కాడలకి మధ్యలో ఉంటే లిక్తీమియా, అసలు లేకపోతే మ్యూకర్ అనే పేరున్న ఆ ఒక్క జాతి.

ఆస్పర్జిల్లస్ అందంగా ఉంటుంది, ఆ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు. 1729లో మికేలీ అనే ఇటలీ మతగురువు దీన్ని చూసి చర్చిలో పవిత్రజలం చల్లే పరికరంలా ఉందని ఆ పేరు పెట్టాడు, మనవాళ్ళు చూసుంటే పెళ్ళిలో పన్నీరు చల్లే బుడ్డి అనేవాళ్ళేమో, సన్నటి మెడ, పైన ఉబ్బిన తల, తలచుట్టూ జల్లులా బీజాల గొలుసులు. రంగుని బట్టి మొదటి అంచనా వేస్తాం. పొగరంగు కలిసిన నీలి ఆకుపచ్చ అయితే ఫ్యూమిగేటస్, పసుపు కలిసిన లేత ఆకుపచ్చ అయితే ఫ్లేవస్, దాల్చినచెక్క రంగైతే ఇందాక చెప్పిన టెర్రియస్. ఫ్లేవస్ మనకి పరాయిది కాదు, వేరుశనగలో అఫ్లటాక్సిన్ విషం తయారుచేసేది అదే, ఇంకా మన దేశంలో సైనస్‌లలో ముదిరే ఆస్పర్జిల్లస్ జబ్బుల్లో ఎక్కువగా దొరికేది కూడా అదే. పడమటి దేశాల పుస్తకాలు ఫ్యూమిగేటస్ చుట్టూ తిరుగుతాయి, మన ఇంక్యుబేటర్లు తెరిస్తే లెక్క వేరే.

కొన్ని మొండివి ఉంటాయి, పెరుగుతాయి కానీ బీజాలు పెట్టవు, బీజాలు లేకపోతే కంటితో పేరు చెప్పలేం. అపోఫైసోమైసిస్ అలాంటిది. యాక్సిడెంట్‌లో పుండులోకి మట్టి బురద పోయినప్పుడు చర్మం కింద మొదలై రోజుల్లో కండ తినేస్తుంది, మధుమేహం లేని ఆరోగ్యవంతుడికి కూడా వస్తుంది. 2011 మే 22న అమెరికాలో జోప్లిన్ అనే ఊరిని టోర్నడో తుడిచిపెట్టినప్పుడు దెబ్బలు తగిలినవాళ్ళలో 13 మందికి ఇది వచ్చి ఐదుగురు పోయారు. మన దేశంలో మ్యూకర్ కేసుల్లో రైజోపస్ తర్వాత ఎక్కువగా వినిపించే పేరు ఇదే. దీన్ని మామూలు అగార్ మీదనుంచి కోసి ఉత్త నీళ్ళలాంటి పస్తు ఆహారంలో వేస్తే, తిండి లేక, అప్పుడు బీజాలు పెడుతుంది, కాడ చివర గంట ఆకారం కనిపిస్తుంది.

అయినా కంటిచూపుకి అందనివి ఉన్నాయి. ఆస్పర్జిల్లస్ లెంటులస్ అని 2005లో వేరు చేశారు, చూడ్డానికి ఫ్యూమిగేటస్‌లా ఉంటుంది, ఏజోల్స్‌కి మాత్రం సరిగ్గా లొంగదు. అప్పటిదాకా దాన్ని "బీజాలు సరిగ్గా పెట్టని ఫ్యూమిగేటస్" అనుకునేవాళ్ళు. ఇలాంటప్పుడు డీఎన్ఏ చదవాల్సిందే. ఐటీఎస్ అనే భాగాన్ని 2012లో ఫంగస్‌లన్నిటికీ ఉమ్మడి బార్‌కోడ్‌గా ఒప్పుకున్నారు కానీ దానితో ఆస్పర్జిల్లస్‌లో గుంపు వరకే తెలుస్తుంది, గుంపులో ఎవరో తెలియాలంటే బీటా ట్యూబులిన్, కాల్మోడ్యులిన్ జీన్లు చదవాలి, ఫ్యూసేరియమ్‌కైతే ఇంకో జీన్. మాల్డీటాఫ్ అనే మెషీన్ ఉంటే పని నిమిషాల్లో, బూజులోని ప్రోటీన్ల బరువుల్ని కొలిచి తన దగ్గరున్న ముద్రలతో పోలుస్తుంది, అయితే ఆ పోల్చే జాబితాలో ఆ జాతి లేకపోతే మెషీన్ ఏం చెప్పలేదు, పైగా బూజు గోడ గట్టిది, ముందు ఫార్మిక్ యాసిడ్‌తో దాన్ని పగలగొట్టాలి. పెద్ద సెంటర్లలో ఇవన్నీ ఉన్నాయి, జిల్లా స్థాయిలో ఇప్పటికీ సెల్లోటేపూ మైక్రోస్కోపూ చూసే కళ్ళే ఆధారం.

ఇంకో మాట. బూజు గాల్లో ఉంటుంది, మనం పీల్చే ప్రతి ఊపిరిలో ఉంటుంది, ఊరగాయ జాడీ మీదకొచ్చేదీ తడి చెప్పుల మీదకొచ్చేదీ అదే. కాబట్టి కఫంలో ఒక ఆస్పర్జిల్లస్ పెరిగిందంటే ఊపిరితిత్తుల్లో జబ్బుందని కాదు, ప్లేటు మూత తీసినప్పుడు పడి ఉండొచ్చు కూడా. ముక్కలో దారాలు కనిపించాయా, రెండోసారి పంపినదాంట్లోనూ అదే పెరిగిందా, స్కాన్ ఏమంటోంది, పేషెంట్ పరిస్థితేంటి, ఇవన్నీ కలిపి చూడాలి. రక్తంలో గెలాక్టోమానన్ పరీక్ష ఆస్పర్జిల్లస్‌ని పట్టుకుంటుంది, మ్యూకర్‌ని పట్టుకోదు, అది నెగటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకున్న కుటుంబాల్ని చూశాను.

ఇప్పుడు అందరూ అడిగే సెన్సిటివిటీ రిపోర్టు, అంటే బూజు ఏ మందుకి లొంగుతుందో చెప్పే రిపోర్టు. దాన్ని ఎలా చేస్తారో తెలిస్తే ఎలా చదవాలో తెలుస్తుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటులో 96 చిన్న గుంటలుంటాయి. ఒక వరసలో ఒక మందు, మొదటి గుంటలో లీటరుకి 16 మిల్లీగ్రాములు, పక్కదాంట్లో 8, తర్వాత 4, 2, 1 అలా సగం సగం తగ్గిస్తూ 0.03 దాకా. అన్నిటిలో లెక్కపెట్టి ఒకే మోతాదులో బీజాలు వేసి 35 డిగ్రీల దగ్గర ఉంచుతాం. రైజోపస్ అయితే మర్నాడే చూస్తాం, ఆస్పర్జిల్లస్‌కి రెండు రోజులు. కింద అద్దం పెట్టి చూస్తే కొన్ని గుంటల్లో మజ్జిగ తేటలా మబ్బు, కొన్నిటిలో తేటనీళ్ళు. తేటగా ఉన్న గుంటల్లో అన్నిటికంటే తక్కువ మందున్నది ఏదో ఆ అంకెనే ఎంఐసీ అంటారు, బూజు పెరగకుండా ఆపడానికి సరిపోయిన కనీస మోతాదు.

రిపోర్టు చేతికొచ్చాక జనం చేసే పొరపాటు ఒకటే. ఆంఫోటెరిసిన్ పక్కన 1 ఉంది, పోసకొనజోల్ పక్కన 0.5 ఉంది, కాబట్టి పోసకొనజోల్ రెండింతలు మంచిదని. అలా కాదండీ. ఒక మందు అంకెని ఇంకో మందు అంకెతో పోల్చకూడదు, ఒంట్లో ఏ మందు ఎంత చేరుతుందో వేరు, ఎక్కడ చేరుతుందో వేరు, అలాగే ఒకే బూజుకి ఇవాళ 0.5 వచ్చి రేపు 1 వస్తే అది కూడా మార్పు కిందికి రాదు, ఒక గుంట అటూ ఇటూ అవ్వడం ఈ పరీక్షలో మామూలే. అంకెని లొంగుతుంది, లొంగదు అన్న మాటల్లోకి మార్చాలంటే హద్దు గీత కావాలి, ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్‌కి వొరికొనజోల్ విషయంలో ఆ గీత ఉంది, ఇలాంటి గీతలు గీసే యూరప్ కమిటీ లెక్కలో 1 దాటితే లొంగనట్టు. మ్యూకరేల్స్‌కి అలాంటి గీతే లేదు, ఏ మందుకీ లేదు. అందుకే మా రిపోర్టులో అంకె మాత్రమే ఉండి పక్కన లొంగుతుందనే ఎస్ గానీ లొంగదనే ఆర్ గానీ లేకపోతే ల్యాబ్‌వాళ్ళు మర్చిపోయారని అనుకోవద్దు, రాయకపోవడమే నిజాయితీ. అక్కడ డాక్టర్‌కి దారి చూపించేది ప్రధానంగా జాతి పేరే. ఉదాహరణకి కనింగ్‌హమెల్లా అని వస్తే ఆంఫోటెరిసిన్ అంకెలు రైజోపస్ కంటే ఎక్కువగా ఉండటం మామూలు, ఆ పేరు చూడగానే జాగ్రత్త పడతారు.

అన్నీ సరిగ్గా ఉండి, అంకె 0.25 వచ్చి, మందు టైముకి పడుతున్నా మనిషి పోవడం చూశాం. ల్యాబ్‌లో గుంటలోని బూజు మందులో మునిగి ఉంటుంది, ఒంట్లో అలా కాదు, రక్తనాళం మూసుకుపోయిన చోటికి మందు వెళ్ళే దారే ఉండదు. అందుకే మ్యూకర్‌లో సర్జన్ చచ్చిన భాగాన్ని తీసెయ్యాలి, దవడ ఎముకైనా కన్నైనా. షుగర్ దిగాలి, ఎందుకంటే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారితే ఇనుము వదులవుతుంది, ఆ ఇనుము ఈ బూజుకి విందు. స్టెరాయిడ్ తగ్గాలి. సెన్సిటివిటీ రిపోర్టు వీటన్నిటి మధ్య ఒక కాగితం, అవసరమైన కాగితమే, కానీ మిగతావి లేకుండా అదొక్కటే ఎవరినీ కాపాడదు.

ఇంతసేపూ పుట్టుకతో లొంగనివాటి గురించే చెప్పాను. మారి లొంగకుండా పోయేవి వేరు, వాటి వెనక పొలం ఉంది. నెదర్లాండ్స్‌లో ఎప్పుడూ ఏజోల్ మాత్ర వేసుకోని పేషెంట్ల ఊపిరితిత్తుల్లో ఏజోల్‌కి లొంగని ఫ్యూమిగేటస్ దొరకడం మొదలైంది, దాదాపు అందరిలోనూ ఒకే రకం మార్పు, దాన్ని టీఆర్34 అంటారు. తెగుళ్ళకి పొలంలో కొట్టే ట్రయజోల్ మందులూ మనం వేసుకునే ఏజోల్ మాత్రలూ ఒకే ఎంజైమ్ మీద పనిచేస్తాయి. మట్టిలో, కుళ్ళుతున్న ఆకుల్లో బతికే ఫ్యూమిగేటస్ అక్కడే ఆ మందుకి అలవాటు పడి, అలవాటు పడిన బీజం గాల్లోకి లేచి, ఎవరో పీల్చుకుంటారు. 2012లో మన దేశంలో కూడా వరిపొలాల మట్టిలో, పూలకుండీల్లో, ఆసుపత్రి లోపలి గాల్లో అదే మార్పున్న ఫ్యూమిగేటస్ దొరికిందని అచ్చయింది. వరిలో పాముపొడ తెగులుకి హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ కొట్టడం మన రైతులందరికీ తెలిసిన పనే. రైతుని తప్పు పట్టడానికి చెప్పట్లేదు, పంట పోతే ఆ ఇంటి గతేంటో నాకు తెలుసు, ఆ ఇంట్లోనే పుట్టాను. ఊపిరితిత్తుల్లో ఫ్యూమిగేటస్ పెరిగిన ప్రతి ప్లేటుకీ సెన్సిటివిటీ ఎందుకు చెయ్యాలంటున్నానో చెప్పడానికి అంటున్నాను, ఎందుకంటే ఇక్కడ పేరు ఒక్కటే సరిపోదు.

పొలం మాట వచ్చింది కాబట్టి కంటి సంగతి కూడా చెప్పాలి. వరికోతల్లో ఆకు అంచు కంటికి గీరుకుంటుంది, తూర్పారబట్టేటప్పుడు ఊక పడుతుంది, నాలుగు రోజులకి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. మందుల షాపులో అడిగితే ఒక్కోసారి స్టెరాయిడ్ చుక్కలిస్తారు, ఎర్రదనం తగ్గుతుంది, లోపల ఫంగస్ పండగ చేసుకుంటుంది. ఆ పుండుని గీకి ప్లేటు మీద పెడితే ఎక్కువసార్లు పెరిగేవి రెండే, ఆస్పర్జిల్లస్, ఫ్యూసేరియమ్. ఫ్యూసేరియమ్ బీజాలు మైక్రోస్కోప్ కింద కొడవలి ఆకారంలో ఉంటాయి, కోతకి వెళ్ళినవాడి కంట్లో కొడవళ్ళు చూడటం ఎన్నిసార్లైనా మనసుని పట్టేస్తుంది. తమిళనాడు, పుదుచ్చేరి అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మందితో జరిగిన ట్రయల్ 2013లో అచ్చయింది, పాత నాటామైసిన్ చుక్కలా కొత్త ఖరీదైన వొరికొనజోల్ చుక్కలా అని. నాటామైసినే గెలిచింది, ఫ్యూసేరియమ్ కేసుల్లో మరీ స్పష్టంగా, చూపు చార్టు మీద దాదాపు నాలుగు లైన్ల తేడా. కొత్తది కదా అని వొరికొనజోల్ రాసే అలవాటుని ఆ ఒక్క ట్రయల్ చాలావరకు మార్చింది.

అయితే కొన్ని కళ్ళు నాటామైసిన్‌కి కూడా లొంగవు. స్లైడ్‌లో వెడల్పాటి, అడ్డుగోడలు తక్కువున్న దారాలు స్పష్టంగా కనిపిస్తాయి, ఫంగస్ అనే అనిపిస్తుంది, గంటగంటకీ చుక్కలు వేస్తున్నా పుండు పెద్దదవుతూనే ఉంటుంది. ప్లేటు మీద కూడా వింతగా, బొచ్చు లేకుండా, రంగు లేకుండా, అగార్‌కి అంటుకుపోయిన పల్చటి మరకలా పెరుగుతుంది. ఇది పైథియమ్ ఇన్సిడియోసమ్, అసలు ఫంగసే కాదు, నీళ్ళలో బతికే వేరే వంశం. దాని పొరలో ఎర్గోస్టెరాల్ ఉండదు, అందుకే ఎర్గోస్టెరాల్‌ని పట్టుకునే నాటామైసిన్‌కి అక్కడ పట్టుకోడానికి ఏమీ దొరకదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు దీని మీద చాలా పనిచేశారు, బాక్టీరియాకి వాడే లినెజోలిడ్, అజిత్రోమైసిన్‌లతో వైద్యం చేసి ఫలితాలు అచ్చువేశారు, అప్పటిదాకా ఈ కళ్ళలో చాలావాటికి నల్లగుడ్డు మార్పిడి తప్ప దారి ఉండేది కాదు, ఇప్పటికీ ఆలస్యంగా తెలిస్తే అంతే.

దాన్ని గుర్తుపట్టే పద్ధతి చెప్పి ఆపేస్తాను. ఉడకబెట్టి శుభ్రం చేసిన గడ్డి ఆకు ముక్కని ఆ మరక మీద ఒకట్రెండు రోజులు పెడతారు, ఆకులోకి అది పాకాక తీసి కొన్ని లవణాలు కలిపిన నీళ్ళలో వేసి వెచ్చగా ఉంచుతారు. కొన్ని గంటలయ్యాక ఆ నీటి చుక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి ఓపిగ్గా చూస్తూ ఉండాలి. ఆకు అంచున చిన్న బుడగ ఉబ్బుతుంది, లోపల ఏదో కదులుతుంది, బుడగ పగిలి చిక్కుడుగింజల్లాంటివి బయటపడి రెండు తోకలు ఆడిస్తూ నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళిపోతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేచి పక్కగదిలో ఉన్నవాళ్ళందరినీ పిలిచాను. మనిషికి జబ్బు తెచ్చే ఏ ఫంగస్ బూజూ ఇలా ఈదదు. ఆ సాయంత్రమే వార్డుకి ఫోన్ చేసి నాటామైసిన్ ఆపమని, లినెజోలిడ్ మొదలుపెట్టమని చెప్పాం.